గొడుగు గుచ్చిన చోట

ఖాజాగూడ బండలు,
18 ఫిబ్రవరి 1973

ప్రభువునందు ప్రియమైన పుణ్యవతి అత్తయ్యకు, నీ మేనల్లుడు కృపానందం వందనములు చేసి వ్రాయునది.

నేను క్షేమం. నువ్వూ క్షేమమనే తలుస్తాను. నేను తలవకపోయినా నువ్వు క్షేమంగానే ఉంటావు. పుణ్యవతి నర్సమ్మగారి అడుగుల చప్పుడు వింటే జ్వరాలు వాటంతటవే దిగిపోతాయని నరసాపురం ఆస్పత్రిలో పాత మాట.

నువ్వు సిఫారసు చేసి ఇప్పించిన ఉద్యోగంలో చేరి రెండు వారాలైంది. షేక్‌పేట దాకా బస్సు ఉంది. ఆ తరువాత కాళ్లున్నాయి. కండక్టరు నన్ను దింపుతూ, "గా బండలల్లకెందుకు సార్, ఏమున్నదాడ?" అని అడిగాడు. "బడి" అన్నాను. "అయ్యో" అన్నాడు.

ఖాజాగూడకూ పుప్పాలగూడకూ నడుమ, ఏనుగులు పడుకున్నట్టున్న బండల కింద, ఇరవై రెండు ఇళ్లు. అందరూ మన విశ్వాసులే, అందరూ కంట్రాక్టరు దగ్గర రాళ్లు కొట్టేవాళ్లే. రేకుల కప్పు వేసిన ఒక గది ఉంది. ఆరు రోజులు అది బడి, ఆదివారం గుడి. బల్లలు అవే, పాపులు మారతారు. బి.ఏ. రెండో తరగతిలో ప్యాసైనవాడు కొలువు వెతుక్కుంటూ ఈ దిక్కుకు రావడం ఇదే మొదటిసారట. ఇదే ఆఖరిసారి కూడా అవుతుందని నా అంచనా. ఈ రాళ్లలో చదువుకున్నవాడికి ఇంకేం పని ఉంటుంది?

ఇక అసలు సంగతి నీళ్లు. పోయిన ఏడు వానల్లేవు. చెరువు ఎండి, అడుగున బురద పెంకులు పెంకులుగా లేచింది. ఊరి బావి ఉంది. కానీ మావాళ్లు దాని గిరక ముట్టుకోకూడదు. ఎవరైనా తోడి పైనుంచి పోస్తే కింద బిందె పట్టుకోవాలి. ఆ పోసేవారికి తీరిక దొరకాలి, మనసు పుట్టాలి. రెండూ ఒకే పూట కుదరడం అరుదు. నేను వెళ్లి అడిగితే నాకు మాత్రం వెంటనే పోశారు. నేను ఏ కులంవాణ్ణో వాళ్లకింకా తెలియదు. తెలిశాక చూడాలి.

సొంత బావి లేకపోతే ఎండాకాలం తరువాత ఇక్కడ ఎవరూ ఉండలేరు. కూకట్‌పల్లి అవతల ఇటుక బట్టీలకు పోదామని సగం ఇళ్లు సామాను సర్దుకుంటున్నాయి. వాళ్లు పోతే బడి మూత, గుడి మూత. కృపానందం మళ్లీ నీ ఇంటి అరుగు మీద.

"తవ్వుకోవచ్చు కదా, మీకు చేతకాని పనా?" అన్నాను. చేతకాకపోవడం కాదు, చోటు కుదరక. పై వరస ఇళ్ల పెద్ద ఐలయ్య, కింది వరస పెద్ద బాలనర్సయ్య. ఐలయ్య చెల్లెలే బాలనర్సయ్య భార్య. బావమరుదులిద్దరికీ ఆరేళ్లుగా మాటల్లేవు. కారణమేమిటో ఎవరికీ గుర్తు లేదు. కనుక్కోవాలంటే ఇద్దరూ మాట్లాడుకోవాలి. గుడిలో మాత్రం ఒకే బల్ల మీద కూర్చుంటారు.

"సారూ, గాయనకు చెప్పుండ్రి, బాయి మా వరస దిక్కే తవ్వాలె" అన్నాడు ఐలయ్య.

బాలనర్సయ్య జానెడు దూరంలోనే ఉన్నాడు. నేను అటు తిరిగి, "బావి వాళ్ల వరస దిక్కే తవ్వాలట" అన్నాను.

"నాకేం చెవుడా? ఇనవడ్డది. గట్లైతే మేము నీళ్లు తాగుడే బంద్ జేస్తం అని చెప్పుండ్రి."

నా జీతం దేనికిస్తున్నారో ఆ పూట అర్థమైంది.

ఇక్కడ బావి తవ్వేముందు ఒకాయన అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నడుస్తాడట. కాయ లేచి నిలబడ్డ చోట నీళ్లట. నెలకోసారి పట్నం నుంచి వచ్చే మన పాస్టరు అయ్యగారు అది విశ్వాసులకు తగదన్నారు. దాని బదులు ఏం చెయ్యాలో చెప్పకుండా సైకిలెక్కి వెళ్లిపోయారు. అందుకని సంఘమంతా మూడు రోజులు ఉపవాస ప్రార్థన పెట్టుకున్నారు. నేనూ ఉండాలట. నా ఆత్మ సిద్ధమే. మిగతా భాగాలతో సంప్రదింపులు జరుగుతున్నాయి.

నీ
కృపానందం

*

నరసాపురం,
26 ఫిబ్రవరి

ప్రియమైన కృపానందానికి, అత్త దీవెనలు.

ఉత్తరం అందింది. ఉపవాసమంటే ఏమీ తినకపోవడం. నిన్ను పెంచినదాన్ని కాబట్టి విడమరిచి చెబుతున్నాను. బిస్కెట్లు కూడా తిండే.

ఊరి బావి దగ్గర నీకు విడిగా నీళ్లు పోయించుకోకు. మీవాళ్ల వెనకాల నిలబడు.

తల దువ్వుకో. పంతులువి.

పుణ్యవతి

*

ఖాజాగూడ బండలు,
11 మార్చి

ప్రభువునందు ప్రియమైన అత్తయ్యకు,

ఒక చిన్న పొరపాటు జరిగింది. పద్నాలుగు అడుగుల వెడల్పు ఉంటుంది.

ఉపవాసం మూడో రోజు మధ్యాహ్నం. అందరూ పాడిపాడి గొంతులు పోయి ఉన్నారు. నేను నా వంతు బాధలో ఉన్నాను. (బిస్కెట్ల విషయం నువ్వు ఎలా కనిపెట్టావో గాని, నీ ఉత్తరం ఒక రోజు ఆలస్యంగా అందింది.) ఇంతలో రుక్కమ్మ లేచింది. నలభై ఏళ్ల మనిషి, ఇక్కడ మగవాళ్లు కూడా ఆమె మాటకు ఎదురు చెప్పరు. "సారు యాడోని మనిషో. పై వరసోడు గాదు, కింది వరసోడు గాదు. చదువుకున్నడు. సారు మౌనంగ నడుస్తడు, ఎనక మేం ప్రార్థన జేసుకుంట వస్తం. ప్రభువు యాడ నిలవెడితే ఆడ్నే బాయి" అంది.

నేను వద్దన్నాను. మౌనంగా ఉండాలన్నారు కాబట్టి తల మాత్రమే అడ్డంగా ఊపాను. అది వినయం కింద జమైంది.

నడిచాను అత్తయ్యా. నెత్తిన ఎండ, చేతిలో నువ్వు కొనిచ్చిన గొడుగు, వెనక నూరు మంది. గుడి వెనక్కి వచ్చేసరికి నా కుడి చెప్పు వారు తెగింది. నేల నిప్పులా ఉంది. కాలు కింద పెట్టలేను. గొడుగు మూసి భూమిలో గుచ్చి, దాన్ని పట్టుకుని, ఒంటికాలి మీద నిలబడి, వంగి వారు సరిచేసుకుంటున్నాను.

వెనక "స్తోత్రం!" అని కేక వినిపించింది. తిరిగి చూస్తే నూరు మందీ మోకాళ్ల మీద ఉన్నారు. ఐలయ్య ఏడుస్తున్నాడు. బాలనర్సయ్య ఏడుస్తున్నాడు. ఒకరితో ఒకరు చెప్పుకోకుండా, ఎవరి ఏడుపు వాళ్లు.

"ఇది చెప్పు వల్ల" అందామని నోరు తెరిచాను. రుక్కమ్మ భర్త ఎల్లేశం అప్పటికే గొడుగు పీకి, ఆ కన్నంలో గడ్డపార దింపాడు. ఈ చుట్టుపక్కల అంత బలమైన దెబ్బ ఎవరిదీ లేదట. తెరిచిన నోరు మూసుకున్నాను. నా జీవితంలో నేను చేసిన ఏకైక అద్భుతం అది.

బైబిల్లో రాతిలోంచి నీళ్లు తెప్పించిన పెద్దమనిషి చేతిలో కర్ర ఉంది, పైగా ఆయనకు పైనుంచి ఆజ్ఞ ఉంది. నాకున్నది గొడుగు. సలహా ఇవ్వవలసింది.

కృపానందం

*

నరసాపురం,
19 మార్చి

కృపానందానికి,

ఈ ఆదివారమే సంఘంలో లేచి నిలబడి ఉన్నది ఉన్నట్టు చెప్పు. చెప్పు తెగింది, గొడుగు గుచ్చాను, ప్రభువు నాకేమీ చూపించలేదు అని. మూడు ముక్కలు. ఉపన్యాసం వద్దు, హాస్యం అసలే వద్దు.

దేవుడు చెప్పనిది చెప్పాడనడం చిన్న సంగతి కాదు. నవ్వులాట కింద మొదలుపెట్టినా కాదు. నాకు తెలుసు.

చెప్పులు కొనుక్కో.

పుణ్యవతి

*

ఖాజాగూడ బండలు,
15 ఏప్రిల్

ప్రభువునందు ప్రియమైన అత్తయ్యకు,

ఆ ఆదివారం లేచి నిలబడ్డాను. నిజం. నిలబడేసరికి, సారు ప్రార్థన చేస్తారనుకుని అందరూ కళ్లు మూసుకున్నారు. కళ్లు మూసుకున్నవాళ్లతో ఏం చెప్పను? ప్రార్థన చేసి కూర్చున్నాను.

రెండో ఆదివారం జలుబు.

మూడో ఆదివారానికి బావి రెండు నిలువుల లోతు దిగింది. నిలువంటే ఒక మనిషి ఎత్తు. మన్ను, మొరం అయిపోయి పరుపుబండ తగిలింది. తెల్లారకముందే లేచి రెండు గంటలు తవ్వి, అప్పుడు కంట్రాక్టరు రాళ్ల దగ్గరికి పోతున్నారు. పగలంతా కూలికి రాయి, పొద్దున సొంతానికి రాయి. సామాను సర్దుకున్నవాళ్లు మూటలు విప్పారు. ఇటుక బట్టీ మేస్త్రి మనుషుల కోసం వస్తే, "మాకు సారు జాగ జూపిండు, మేం రాం" అని పంపేశారు. నా మాట మీద కాదు అత్తయ్యా, నా చెప్పు మీద.

నాకు జరుగుతున్న మర్యాదల గురించి రాయాలంటే సిగ్గుగా ఉంది, అయినా రాస్తాను. కోడి గుడ్లు వస్తున్నాయి. ఒకావిడ బిడ్డ నెత్తిన చెయ్యి పెట్టమంది. పెట్టాను. ఆ బిడ్డకు జ్వరం తగ్గింది. తగ్గకుండా ఉండవలసింది, నా పరిస్థితికి అదే మేలు.

ఇంకో చిక్కు. ఇక్కడ ఉత్తరం వస్తే ఎవరికొచ్చినా అందరూ చుట్టూ కూర్చుంటారు. చదివి వినిపించాలి. నీ ఉత్తరంలో "చెప్పులు కొనుక్కో" అన్న వాక్యం ఒక్కటే చదివాను. "ఇంత పెద్ద కాయితానికి గింతే మాటనా?" అంది రుక్కమ్మ. "మా అత్తయ్య అక్షరాలు లావు" అన్నాను.

నీళ్లు పడగానే చెబుతాను. పడ్డాక చెబితే ఎవరికీ నష్టం లేదు కదా?

కృపానందం

*

(కార్డు)

నరసాపురం, 22 ఏప్రిల్

పడకపోతే?

పుణ్యవతి

*

(కార్డు)

ఖాజాగూడ, 6 మే

అత్తయ్యా,

శుక్రవారం నాలుగు నిలువుల లోతులో రాయి పైకి లాగుతుంటే మోకు జారింది. ఎల్లేశం కింద ఉన్నాడు. మోకాలి కింద ఎముక రెండు చోట్ల విరిగింది. ఎడ్లబండి మీద పట్నం దవాఖానకు తీసుకెళ్లాం. కట్టు వేశారు. నడవగలడో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారు.

బండిలో తల నా ఒళ్లో పెట్టుకున్నాను. "ఫికర్ జెయ్యకు సారూ. నువ్వు జూపిన జాగ గద. కాలు వోతే వోయింది, నీళ్లు తప్పయి" అన్నాడు.

ఇంకా చెప్పలేదు.

కృ.

*

నరసాపురం,
11 మే

నాయనా,

ముందు కాలు సంగతి. కట్టు బయట వేళ్లు రోజుకు నాలుగుసార్లు చూడు. నీలంగా మారినా, చల్లబడినా, తిమ్మిరి అన్నా, ఎవరి కోసమూ ఆగకుండా దవాఖానకు తీసుకెళ్లు. కాలు దిండు మీద ఎత్తుగా ఉంచాలి. కట్టు తడవనివ్వద్దు. దురద పెడితే పుల్లలు దూర్చనివ్వద్దు, దూరుస్తారు, నువ్వు చూస్తూ ఉండు. పాలు దొరికితే పట్టించు. నీకొచ్చే గుడ్లు ఇక అతనివి.

ఇప్పుడు నీ సంగతి. నాకు తెలుసు అని రాశాను కదా. ఎలా తెలుసో రాయలేదు. ఎవరికీ చెప్పలేదు.

యాభై ఒకటిలో, నా పదో నెల ఉద్యోగం. గొంతు పూడుకుపోయే కంఠసర్పి జబ్బుతో ఏడాది పిల్లవాణ్ణి తెచ్చారు. తల్లి మూడు రోజులుగా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు. మంచం కోడు పట్టుకుని వదల్లేదు. తినమని మిషను దొరసాని చెప్పింది, డాక్టరు చెప్పాడు. నేను వెళ్లి, "ప్రభువు నాకు చూపించాడమ్మా, నీ బిడ్డ బతుకుతాడు, లేచి అన్నం తిను" అన్నాను. ప్రభువు నాకేమీ చూపించలేదు. ఆమె తింటే చాలనుకున్నాను. తింది. నా చేత్తోనే కలిపి పెట్టాను. మర్నాడు పదకొండు గంటలకు పిల్లవాడు పోయాడు.

గుడ్డలో చుట్టుకుని వెళ్తూ నా దగ్గర ఆగింది. "ఆ ఒక్క పూట అన్నం తిన్నానమ్మా" అంది. అంతే అని వెళ్లిపోయింది. నన్ను మెచ్చుకుందో, నిలదీసిందో ఇరవై రెండేళ్లుగా తెలియదు. అప్పటినుంచి ఏ రోగికీ 'తగ్గుతుంది' అని నా నోటితో చెప్పలేదు. నన్ను చూసి అందరూ భయపడేది అందుకే. నువ్వది హాస్యం చేస్తావు, చెయ్యి, నాకేం కష్టం లేదు.

చెప్పమని నిన్ను ఇంక తొందరపెట్టను. ఒకటి మాత్రం చెయ్యి. నువ్వు ఇన్నాళ్లూ గట్టు మీద ఉన్నావు. ఎల్లేశం చోటు ఖాళీగా ఉంది. ముందు దిగు. చెప్పేదేదో దిగినవాడిగా చెప్పు.

పుణ్యవతి అత్త

*

ఖాజాగూడ బండలు,
4 జూన్, సోమవారం సాయంత్రం

ప్రియమైన అత్తయ్యకు,

దిగాను. మే పద్నాలుగు నుంచి దిగుతూనే ఉన్నాను. గడ్డపార గురించి మా కాలేజీలో చెప్పలేదు. మొదటి రోజు దాన్ని ఎత్తాను. రెండో రోజు ఎత్తి దించాను. మూడో రోజు నాకు తట్ట ఇచ్చారు. అరచేతుల్లో బొబ్బలు లేచి, చితికి, మళ్లీ లేచాయి. సుద్దముక్క పట్టుకోవడం కష్టంగా ఉంది. పిల్లలు సంతోషంగా ఉన్నారు.

బావి అడుగు నుంచి చూస్తే ఆకాశం తాంబాళమంత ఉంటుంది. అక్కడ నిలబడి తల ఎత్తినప్పుడు, నేను గొడుగు గుచ్చింది ఎంత చిన్న చోటో అర్థమైంది.

ఎల్లేశం వేళ్లు ఎర్రగానే ఉన్నాయి. దురదకు పుల్లలు దూరుస్తున్నాడు. చూస్తూ ఉన్నాను.

నిన్న ఆదివారం సాక్ష్యాల వేళ లేచాను. "కళ్లు మూసుకోవద్దు" అని ముందే చెప్పాను. మూడు ముక్కలూ చెప్పాను. చెప్పు తెగింది. గొడుగు గుచ్చాను. ప్రభువు నాకేమీ చూపించలేదు. ఎల్లేశాన్ని మంచంతో సహా గుడికి మోసుకొచ్చారు. అతని వైపు చూసి, "నీ కాలు నా వల్ల విరిగింది" అన్నాను. అక్కడితో ఆపవలసింది. ఆపకుండా జేబులోంచి నీ ఉత్తరం తీసి చదివాను. ఈసారి మొత్తం. నీ ఇరవై రెండేళ్ల రహస్యం ఇరవై రెండు ఇళ్లవాళ్లు విన్నారు. నిన్ను అడగలేదు. కొట్టదలిస్తే కొట్టు.

ఎవరూ ఒక్క మాట అనలేదు. ఐలయ్య కీర్తన ఎత్తుకున్నాడు, అందరూ పాడారు. ఇళ్లకు పోయారు. తిడితే బాగుండేది.

ఈ పొద్దున బావి దగ్గరికి వెళ్లాను. ఎవరూ రాలేదు. తెల్లవారింది, పొద్దెక్కింది. ఒక్కరూ రాలేదు. బడికి పిల్లలు కూడా రాలేదు. ఇళ్ల వైపు నుంచి అరుపులు వినిపించాయి. వెళ్లడానికి ముఖం చెల్లలేదు. రాతిలో చెక్కిన మెట్ల మీదుగా ఒక్కణ్ణే దిగాను. గట్టు మీద ఎవరూ లేనప్పుడు దిగకూడదని తెలుసు. అయినా పైకి వెళ్లి చెయ్యడానికి పని లేదు. సమ్మెట పట్టుకుని చీకటి పడేదాకా కొట్టాను. గుప్పెడు పొడి రాలింది.

రేపు మూటలు కడతారనుకుంటున్నాను.

కృపానందం

*

ఖాజాగూడ బండలు,
12 జూన్

నర్సమ్మకు రుక్కమ్మ దండాలు.

నేను జెప్తున్న, మీ పిల్లగాడు రాస్తుండు. ఉన్నది ఉన్నట్టు రాయమని ఒట్టు వెట్టిచ్చిన. (రాస్తున్నాను. — కృ.)

ఫస్టు మాట. మీ పిల్లగాడు మంచోడే గని పని రాదు. తట్ట ఎత్తితే సగం మన్ను కిందున్నోళ్ల నెత్తి మీద్నే వోస్తడు. (ఇది రాయనన్నాను. రాయమంది.) బువ్వ మంచిగనే తింటుండు. ఫికర్ వద్దు.

ఇగ గా చెప్పు సంగతి. ఆయన కొంగ లెక్క ఒంటికాలు మీద నిలవడి చెప్పు కట్టుకున్నది మేమందరం జూసినం. నూరుమందిమి ఎనక్నే ఉంటిమి, కండ్లున్నయి గద. ఉపాసమప్పుడు బిస్కోట్లు తిన్నది సుత ఎర్కే. కాయితం బండ సందుల దాసిండు, మేకలు గుంజుకొచ్చినయి. పాపం చదువుకున్నోడు, ఆగలేడని ఎవ్వలం అనలేదు.

మరి ఎందుకు మొక్కిండ్రని సారు అడుగుతుండు. నర్సమ్మా, మూడు దినాలు మేం అడిగింది నీళ్లేడున్నయని గాదు. గీ గుట్ట కింద నీళ్లు యాడన్న ఉండొచ్చు, లేకపోవచ్చు. తవ్వితెనే ఎర్క. మేం రాళ్లు కొట్టెటోళ్లం, మాకు గా మాత్రం తెల్వదా? మేం అడిగింది ఒక్కటే. గీ ఇద్దరు ముసలోళ్లు కాదనని జాగ ఒక్కటి ఇయ్యి తండ్రీ అని. ఆరేండ్ల సంది వాళ్ల లొల్లికి బాయి లేకుంట సచ్చినం. సారు చెప్పు సరీగ రెండు వరసల నడుమల తెగింది. పై వరస కెళ్లి అడుగులు వెట్టినా, కింది వరస కెళ్లి వెట్టినా ఒక్కటే లెక్క. ఇద్దరు నోరు మూసుకున్నరు. మేం అడిగింది మాకు దొరికింది. అందుకే మోకాళ్లూనినం. దేవుడు సారుకు ఏం జూపలేదంటే మాకేంది? మాకు జూపిండు.

(చివరి రెండు వాక్యాలు మళ్లీ చెప్పించుకుని రాశాను. — కృ.)

మరి ఐతారం ఎందుకు మాట్లాడలేదంటే, సారు ఏడుస్తుండె. ఏడ్చెటోని ముందర ఏం మాట్లాడుతం?

సోమారం ఎందుకు రాలేదంటే, ఐలయ్య పొద్దుగాల్నే లేచి, "సారే దేవుడు జూపలేదన్నడు గద, ఇగ మా దిక్కు తవ్వుదం" అన్నడు. గప్పుడు బాలనర్సయ్య ఆగలేకపోయిండు. ఉర్కుకుంట వొచ్చి ఆయన మొకం మీద్నే, "మూడు నెల్లు తవ్వినంక పూడుస్తవా బావా, నీకేమన్న తలకాయ ఉన్నదా?" అన్నడు. బావా అన్నడు! ఆరేండ్లకు! ఇగ జూడు లొల్లి. పాతయి అన్ని తీసిండ్రు. బర్రె సంగతి, పెండ్లిల బువ్వ సంగతి, అన్ని. పిల్లలు బడి ఎగ్గొట్టి చెట్లెక్కి జూసిండ్రు. మాపటికి ఇద్దరి గొంతులు వోయినయి. ఐలయ్య చెల్లెలు ఇద్దరికి ఒక్క కంచంలనే బువ్వ వెట్టింది. తిన్నరు.

గీ లొల్లిల సారును మర్సిపోయినం. బాయిలకెళ్లి టిక్కు టిక్కుమని ఒక్కటే సప్పుడు, గడియారం లెక్క. మంచం మీదికెళ్లి మా ఆయన ఇన్నడు. "రుక్కీ, గా సారును ఎవలన్న బయటికి గుంజుండ్రే, నా బాయి కరాబు జేస్తుండు" అని ఒర్లిండు. మంగళారం తెల్లారకముందే, నసుకుల, అందరు దిగిండ్రు. ఐలయ్య, బాలనర్సయ్య ఒక్కటే మోకు వట్టిండ్రు. తిట్టుకుంటనే గుంజుతుండ్రు.

ఇగ నర్సమ్మా, మీ మాట. సారు మీ కాయితం చదివితే మొత్తం ఇన్న. నేను సుత ఒక పిల్లను మట్టిల వెట్టిన. మూడేండ్లది. గా తల్లి మిమ్మల్ని మెచ్చుకున్నదా తిట్టిందా అని ఇన్నేండ్లు పరేషాన్ అయిండ్రు గద. నాకైతే గిట్ల అనిపిస్తది. తిట్టాల్నంటే తిట్టే వోతుండె. బిడ్డ సచ్చినోళ్లకు ఎవల భయం ఉంటది? మెచ్చుకునే సోయి సుత ఉండది. ఆమె ఉన్న మాట జెప్పింది. గా పూట తిన్నది, గంతే. బిడ్డను మోసుకొని ఊరిదాక నడ్వాలె గద నర్సమ్మా. తిననోళ్లు నడ్వలేరు. మీరు వెట్టిన బువ్వతోనే నడ్సింది. గది ఎవలికన్న జెప్పాలె, మీకు జెప్పింది.

అట్లని అబద్ధం అబద్ధమే. దేవుని పేరు మీద మల్ల జెప్పకుండ్రి. గని 'తగ్గుతది, తిను' అని మీ పేరు మీద జెప్పుండ్రి. పాపం రోగమొచ్చినోళ్లు, ఎవలో ఒకలు అనాలె గద.

ఇంకేమున్నదంటే, మృగశిర వొచ్చినా సినుకు లేదు. బాయి ఆరు నిలువులు దాటింది. మొన్న రాయి సల్లగ తగిలిందన్నరు. నిన్న తడి తగిలిందన్నరు. తడి అంటే నీళ్లు గాదు, చెయ్యి రాసి మూతికి పెట్టుకుంటే తెలుస్తది, గంతే. గదే జూసుకుంట

(ఇక్కడ రుక్కమ్మ లేచి పరుగెత్తింది. నేనూ వెళ్లాను. మిగతాది రెండు గంటల తరువాత రాస్తున్నాం. కాగితం మీద మరకలు కన్నీళ్లనుకోవద్దు, బురద. — కృ.)

నర్సమ్మా, జల వడ్డది.

తూర్పు దిక్కు బండ పగిలి సందులకెళ్లి ఉబికింది. ముందుగాల సున్నమోలె తెల్లగ, ఎనక ఎర్రగ. గిప్పుడు మనిషి మోకాళ్ల మీదికొచ్చింది, ఇంక లేస్తున్నది. మొగోళ్లు పైకి వస్తలేరు, బాయిలనే నిలవడి పాడుతుండ్రు. సారు సుత ఆడ్నే నిలవడి ఉండె, రెక్క వట్టి గుంజుకొచ్చి కూసోవెట్టిన, కాయితం సగంల ఉన్నదని.

మొదాలు బొక్కెన ఎవలింటికని ఇద్దరు ముసలోళ్లు మల్ల షురూ జేసిండ్రు. నేను చెంబుల ముంచుకొని మా ఆయన మంచం కాడికి తీస్కవోయిన. కాలు కట్టు తడ్వొద్దని మీరన్నరట గద, సారు దుప్పటి గప్పిండు. మా ఆయన లేసి కూసున్నడు. చెంబు రెండు చేతుల వట్టుకొని ఒక గుక్క తాగిండు. అందరం ఆయన మూతి దిక్కే జూస్తున్నం.

"జర ఉప్పగున్నయి" అన్నడు.

మొత్తం తాగి, ఇంకో చెంబు తెమ్మన్నడు.

రుక్కమ్మ వేలిముద్ర